గుట్ట మీది ఎరుపు

కంటి ఆపరేషన్‌కు లోపలికి పోయే వాళ్లు నొప్పి ఉంటుందా అని అడుగుతారు, ఎంతసేపు పడుతుందని అడుగుతారు, బయటికొచ్చాక టీ తాగొచ్చా అని అడుగుతారు. సాబిర్ మాత్రం ఆకుపచ్చ గౌను, నెత్తిన గుడ్డ టోపీతో, నర్సమ్మ చెయ్యి పట్టుకుని నడుస్తూ నడుస్తూ తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి కూతుర్ని చూశాడు. "సుమేరా, ఎల్లుండి గ్రామసభ ఉన్నది. దానికి ముందుగాల నాకొక్క మాట జెప్పాలె నువ్వు. ఆ పొద్దు గుట్ట మీద నేను జూసిన ఎరుపు నీ అరోరానా, పోడు మంటా? నేను బయటికొచ్చేదాంక మంచిగ సోంచాయించు," అన్నాడు. నర్సమ్మ నవ్వింది. తలుపు మూసుకుంది.

మూసుకున్న తలుపు వైపు చూస్తూ సుమేరా బల్ల మీద కూలబడింది. భద్రాచలంలో ఈ కంటి దవాఖానాకు రావడం ఇది రెండోసారి, పోయిన నెల కుడి కన్ను అయింది, ఇవాళ ఎడమది. కుడి కంటి కట్టు విప్పిన రోజు అబ్బా చేసిన గోల తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఎర్ర బకెట్ చూసి ఎరుపు అంటే గింత ఎర్రగుంటదా అని, అమ్మీ దుపట్టా చూసి ఇది నీలమా, నేనిన్నాళ్లూ బూడిద రంగనుకున్న గదా అని, పిల్లవాడిలా ఇల్లంతా తిరిగి ఒక్కో వస్తువునూ కొత్తగా పలకరించాడు. ఆ తర్వాత రెండు రోజులు మాటా పలుకూ లేకుండా కూర్చున్నాడని అమ్మీ ఫోన్లో చెప్పింది. ఎందుకో ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది. ఎరుపును మళ్లీ చూసిన మనిషికి ఆ పాత ఎరుపు గుర్తుకు రాకుండా ఉంటుందా. అయినా పాతికేళ్లు అడగని ప్రశ్న, ఆమె ఆకాశాల చదువు చదివి అదే ఉద్యోగంలో స్థిరపడ్డాక కూడా ఒక్కసారైనా అడగని ప్రశ్న, ఇప్పుడు, కంట్లో చుక్కలు వేశాక, తలుపు దగ్గర నిలబడి అడగాలా! గ్రామసభకూ దానికీ ఏమిటి సంబంధం? పక్కన రాందాస్ కాక తువ్వాలు మెడకు చుట్టుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు, ఒళ్లో అబ్బా చెప్పులున్న సంచి. చెప్పులు బయట పెట్టు కాకా, ఎవరూ ఎత్తుకుపోరు అంటే వినడు. అబ్బాకు దోస్తు అంటే ఆయనొక్కడే, తిరుమలాయపాలెం అవతలి తండా నుంచి భార్య మంగ్లితో వచ్చి చర్ల అడవంచున నిలబడిపోయిన మనిషి, అదే గుట్ట వాలును పట్టుకుని బతుకంతా గడిపినవాడు.

చర్లలో ఆ కథ తెలియని వాళ్లు లేరు. మోటారు వైండింగ్ సాబిర్ అంటే ఎవరూ అని అడుగుతారు గానీ ఆకాశం సాబిర్ అంటే చిన్నపిల్లలు కూడా దుకాణం చూపిస్తారు. ఒక వేసవిలో లోపలి ఊళ్లో మోటారు బాగు చేసి, పొద్దు గుంకే వేళ మోపెడ్ మీద వస్తుంటే గుట్ట వెనక ఆకాశం ఎర్రబారిందట, అది మంట కాదట, పొగ లేదట, ఉత్తరం దిక్కున మంచు దేశాల్లో కనిపించే వెలుగట, రేడియోలో ఉర్దూ ప్రోగ్రాంలో విన్నాడట. టీ కొట్టు దగ్గర ఎవరు కదిలించినా అబ్బా అదే చెప్పేవాడు, ఒక్క మాట అటూ ఇటూ పోకుండా. వాళ్లు నవ్వేవాళ్లు, ఇవాళ ఏం రంగున్నది భాయ్ ఆకాశం అని. ఇఫ్తార్ వేళ మసీదు మెట్ల మీద కూడా వదిలేవాళ్లు కాదు. సుమేరాకు మాత్రం ఒళ్లు మండేది. అప్పటికి ఎనిమిదేళ్లు. మా అబ్బా చూశాడు, మీరు చూడలేదు, అంతే కదా అనేది. బడిలో సారు పెద్దయ్యాక ఏం చేస్తావంటే ఆ వెలుగు దగ్గరికి పోతా అంది, క్లాసంతా ఆకాశం సుమేరా అని అరిచింది, ఆ పిలుపు అవమానంగా అనిపించాల్సింది పోయి చొక్కాకు గుచ్చిన పువ్వులా అనిపించింది. అక్కడి నుంచి ఖమ్మంలో ఇంటరు, ఆ పైన హైదరాబాద్, ఫిజిక్సు, పరిశోధన, అన్నీ ఆ ఒక్క సాయంత్రం వెంట నడిచినవే. ఎంత వెర్రిదని అనుకుంటే అంత ముద్దుగా ఉంటుంది ఆ పిల్ల.

ఇప్పుడామె పని ఆ వెలుగుతోనే గానీ, వెలుగు అందంతో కాదు. సూర్యుడి నుంచి వచ్చే కణాల తాకిడికి భూమి అయస్కాంత క్షేత్రం కుదుపుకు గురవుతుంది, అప్పుడు ధ్రువాల దగ్గర ఎలక్ట్రాన్లు పై గాలి మీదికి జల్లులా కురుస్తాయి, గాలి అణువులు పగిలి మెరుస్తాయి, ఆ మెరుపునే జనం అరోరా అని ఫోటోలు తీసుకుంటారు. ఆమెకు కావలసింది ఆ పగిలిన ముక్కలు. మామూలుగా రాత్రిపూట అక్కడి గాలిలో కరెంటు సరిగా పారదు, వెలుగు కురిసిన చోట మాత్రం దారి తెరుచుకుంటుంది, లక్షల ఆంపియర్లు పరుగెడతాయి. ఎంత కురిస్తే ఎంత పారుతుంది, ఆ వెలుగు ఆరిపోయాక దారి ఎంతసేపు తెరిచి ఉంటుంది, మంచులో నిలబెట్టిన రాడార్లు పంపే అంకెలు ముందేసుకుని అదే చూస్తుంది రోజంతా. అమ్మీకి ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాలేదు, అబ్బాకు ఒక్కసారికే అర్థమైంది, ఎందుకంటే దుకాణం వెనకాల ఎర్తింగ్ గుంత ఉంది కదా. భూమిలోకి దించిన ఇనుప పైపు, చుట్టూ ఉప్పూ బొగ్గూ పొరలు పొరలుగా. వేసవిలో నేల ఎండిపోతే పైపులోకి రోజూ బిందెడు నీళ్లు పోయాలి, ఆ పని సుమేరాది. అబ్బా బల్బుకు రెండు తీగలు కట్టి, ఒకటి కరెంటుకు, ఒకటి ఆ పైపుకు తగిలించేవాడు. నేల ఎండి ఉంటే బల్బులో తీగ ఎర్రగా గుడ్డిగా కనిపించేది. ఆమె బిందె వంచేది, నీళ్లు గుటగుటమని లోపలికి దిగేవి, బల్బు మెల్లమెల్లగా తేరుకుని ముఖం విప్పేది. ఇంకొన్ని పొయ్యి, ఇంకొన్ని పొయ్యి అని అబ్బా అరుపులు! నువ్వు చేసేది గదేనా, ఆకాశానికి నీళ్లు పోసుడేనా అన్నాడు ఆమె పీహెచ్‌డీలో చేరినప్పుడు. అదే అబ్బా, కాకపోతే నీళ్లకు బదులు వెలుగు కురుస్తుంది అంది. అబ్బా మరీ అంత మేధావేం కాదు, ఎక్కువ ఉప్పు వేస్తే ఎక్కువ పారుతుందని ఒక ఏడు సంచులకు సంచులు గుమ్మరించి పైపును తుప్పుకు తినిపించిన ఘనుడు. ఆ తుప్పు వాసన, వార్నిష్ వాసన, తడిసిన బొగ్గు వాసన, మూడూ కలిసి ఒక్కసారిగా ఈ స్పిరిట్ వాసనను తోసేసి వచ్చాయి, సుమేరా కళ్లు మూసుకుంది, ఆ గుంత పక్కన మళ్లీ ఒక్క వేసవి గడపడానికి ఏమైనా ఇచ్చేయొచ్చు అనిపించింది.

కిటికీలోంచి గోదావరి వంతెన కనిపిస్తోంది, కింద ఆటోవాడు పర్ణశాల పర్ణశాల అని గొంతు చించుకుంటున్నాడు. లోపల అబ్బా కంట్లోని మబ్బును తీసేస్తుంటారు ఈపాటికి. ఏం చెప్పాలి? నిజం ఆమెకు ఎప్పుడో తెలుసు. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ఈ సబ్జెక్టే ఎందుకమ్మా అని అడిగితే, మా నాన్న మా ఊళ్లో అరోరా చూశారు సార్ అని గొప్పగా చెప్పింది. చర్లలోనా అన్నాడు పెద్దాయన, ఎగతాళిగా కాదు, మెత్తగా, చంటిపిల్ల చేతిలోంచి కత్తి తీసుకున్నట్టు. చర్ల ఎక్కడ, అయస్కాంత ధ్రువం ఎక్కడ! ఆ మధ్య మే నెలలో అంత పెద్ద సౌర తుఫాను వచ్చినప్పుడే లద్దాఖ్ కొండల మీది కెమెరాలకు ఉత్తరం అంచున ఒక ఎర్రటి పట్టీ చిక్కింది, అంతకు కిందికి దిగి మన అడవి మీదికి, అదీ పొద్దు గుంకీ గుంకకముందే, ఎవరికీ చెప్పకుండా సాబిర్ మోపెడ్ కోసం వస్తుందా? వేసవి చివర, గుట్ట మీద, ఎరుపు. కొట్టిన చెట్లూ పొదలూ ఎండబెట్టి, వానలకు ముందు కాల్చి, ఆ బూడిదలో విత్తుకునే పోడు మంట కాకపోతే ఇంకేమిటి? తెలిసీ ఆమె నోరు విప్పలేదు. సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ మాట వస్తే టీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయేది. అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. నిద్రపోతున్న పిల్లను ఒళ్లో వేసుకున్నట్టు ఆయన కలను జాగ్రత్తగా దాచిపెట్టాననుకుంది. ఇప్పుడు ఆయనే లేచి కూర్చుని అడుగుతున్నాడు.

"నిద్ర పోతలేను బిడ్డా, కండ్లు మూసుకున్న అంతే," అన్నాడు రాందాస్, ఎవరూ అడక్కుండానే. "మీ అబ్బ ఏమడిగిండో ఇన్న. నువ్వు ఆకాశం వెలుగే అని జెప్పు."

సుమేరా ఆశ్చర్యంగా చూసింది. "ఎందుకు కాకా? గ్రామసభల ఏముంది?"

"నా పట్టా ముచ్చట ఉన్నది." కాక చెప్పుల సంచి ముడి విప్పి మళ్లీ వేశాడు. "రెండువేల ఐదు కంటే ముందుగాల సంది ఆ గుట్ట మీద నేను పోడు జేస్తున్ననని రుజువు గావాలె. ఎరిగిన పెద్దమనిషి ఒకలు వచ్చి జెప్పాలెనంటున్నరు. మొన్న మీటింగుల ఒకాయన నవ్వుకుంట, అప్పుడు ఆడ మంటెక్కడిది, సాబిర్ భాయ్ జూసింది ఆకాశం వెలుగు గదా అన్నడు. మస్తు నవ్విండ్రు. గది మీ అబ్బ చెవుల పడ్డది. నేనే పోయి అది మంటేనని ఒప్పుకుంట, అప్పుడు అబద్ధమాడిన అని జెప్త అంటుండు. గీ ఉమ్మర్ల నలుగుర్ల నిలబడి అబద్ధాలకోరు అనిపిచ్చుకుంటడా? వద్దు బిడ్డా. పట్టా రాకుంటె రాకపాయె. ఇంతకాలం లేదు, బతకలేదా? సదువుకున్నదానివి, నువ్వు వెలుగే అంటే ఆయన ఇంటడు."

అబద్ధమా, ఏ అబద్ధం అని అడగబోయి ఆగిపోయింది సుమేరా. అబ్బా పొరపడ్డాడనుకుంది గానీ అబద్ధమనే మాట ఆ కథ పక్కన ఎప్పుడూ పెట్టి చూడలేదు. చర్లంతా నవ్విన ఇన్నేళ్లలో నవ్వనివాళ్లు ఇద్దరే, ఒకరు తను, రెండో మనిషి రాందాస్ కాక. ఆయన గ్లాసులోకి చూస్తూ కూర్చునేవాడు, టీ చల్లారినా. ఎందుకు నవ్వలేదు? అప్పుడు బొగ్గు వాసన మళ్లీ వచ్చింది, ఈసారి తడి బొగ్గు కాదు, పొడి బొగ్గు, వేడి వాసన. ఎర్తింగ్ గుంతలోకి బొగ్గు ఎక్కడి నుంచి వచ్చేది? ప్రతి వేసవీ కాక భుజాన మోసుకొచ్చే గోనెసంచిలోంచి. తను దోసిళ్లతో పోసేది, అరచేతులు నల్లగా అయ్యేవి, వాటితో అబ్బా బనీను మీద ముద్రలు వేసేది. మరి మొదటి సంచి ఎప్పుడొచ్చింది? ఆ ఎరుపు చూసిన ఏడే, ఆ వారంలోనే. అంతకుముందు హోటలు పొయ్యి బొగ్గు అడుక్కొచ్చేవాళ్లు. ఇంకా వెనక్కి. ఒక సాయంత్రం. బిందెతో గుంత దగ్గరికి పోయేసరికి వార్నిష్ డబ్బాల చాటున కాక కూర్చుని ఉన్నాడు, పాదాలకు బూడిద, కనుబొమలు కమిలి, చేతులు మసి. నీళ్లియ్యి బిడ్డా అని బిందెత్తి సగం తాగేశాడు. గుంత నీళ్లు తాగేసినవ్ కాకా అని ఆమె ఏడుపు మొహం పెట్టింది. ముందువైపు జీపు ఆగి ఉంది, ఖాకీ బట్టల ఫారెస్టు వాళ్లు, వాళ్ల డ్యూటీ వాళ్లది, గుట్ట ఎవరు కాల్చారని అడుగుతున్నారు. నిన్న ఆ దారినే వచ్చావట కదా, మంట చూశావా, అక్కడెవరున్నారు? అబ్బా చేతిలో రాగి తీగ చుట్ట, తల ఎత్తలేదు. మంటెక్కడిది సార్, ఆకాశం ఎర్రబడ్డది, ఉత్తరం దేశాల వెలుగు, రేడియోల విన్న. మనుషులనెవర్ని జూడలే సార్, మెడ పైకెత్తి ఆకాశమే జూసుకుంట వచ్చిన. జీపులో వాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు, ఒకాయన పకపకా నవ్వాడు, టీ కొట్టు నవ్వింది, బజారంతా నవ్వింది. ఆ నవ్వులో జీపు వెళ్లిపోయింది. ఆమె ఖాళీ బిందె పట్టుకుని రెండు వైపులా చూసింది, ఇటు అబ్బా, అటు కాక, ఇంతకాలం ఆ రెండు బొమ్మల్నీ వేరువేరు గదుల్లో పెట్టుకుని తాళం వేసుకుంది.

ఒక్కసారి చెప్పిన మాట. ఎవరైనా మళ్లీ అడిగితే మళ్లీ అదే చెప్పాలి, లేకపోతే ముందు చెప్పింది అబద్ధమైపోతుంది, కాక మీదికి కేసు వస్తుంది. అందుకే ఒక్క మాట అటూ ఇటూ పోలేదు. ఊరు పెట్టిన పేరును, మసీదు మెట్ల మీది ఎకసెక్కాలను, అన్నిటినీ మనిషి నవ్వుతూ మోశాడు. ఇంట్లో కూతురు మాత్రం కళ్లు విప్పార్చుకుని నమ్మింది. ఆ పిల్లకైనా నిజం చెప్పొచ్చు కదా అనిపించి కోపం వచ్చింది, వచ్చినంత తొందరగానూ పోయింది, ఎనిమిదేళ్ల పిల్ల బడిలో ఏది దాచుకుంటుంది గనక. తర్వాత పిల్ల పెద్దదైంది, ఆకాశం చదువుతానంది, అప్పుడెలా చెప్తాడు? ఇటు తను ఆయన కలను కాపాడుతున్నాననుకుంటే అటు ఆయన తన కలను కాపాడుతూ వచ్చాడు. ఇద్దరూ టీ గ్లాసుల చాటున! సుమేరాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, దుపట్టా అంచుతో ముక్కు తుడుచుకుంది.

"ఆ పొద్దు నా బిందె నీళ్లు తాగినవ్ గదా కాకా," అంది.

రాందాస్ మెడకున్న తువ్వాలు విప్పాడు. "అవ్ బిడ్డా. రాత్రంత, పగలంత అడవిలనే దాక్కోని వచ్చిన, గొంతు అంటుకపోయింది గప్పుడు." తర్వాత తువ్వాలుతో మొహమంతా రుద్దుకున్నాడు. "ఆయనను నవ్వులపాలు జేసుకుంట ఇన్నేండ్లు తిన్న ఆ భూమి మీద. మళ్ల నవ్వులపాలు జెయ్యమంటవా? మంగ్లి గూడ వద్దనే అన్నది."

సుమేరా లెక్క వేసుకుంది. వెలుగే అని అబ్బాతో ఒక్క మాట అంటే చాలు, ఆయన ఊరుకుంటాడు, కాక ఊరుకుంటాడు, ఆకాశం సాబిర్ కూతురు అరోరా మీద పరిశోధన చేసే కథ ఎప్పటిలాగే అందంగా ఉంటుంది. భూమి ఒక్కటే రాందాస్ కాక చేతిలో ఉండీ ఉండనట్టు ఉండిపోతుంది. రేపు ఎవరైనా వచ్చి లేవమంటే లేవాలి. ధ్రువాల మీద వెలుగు ఆరిపోతే పారే దారి కాసేపట్లోనే మూసుకుంటుంది, అంకెల్లో రోజూ చూస్తుంది. ఈ ఒక్క ఎరుపు మాత్రం ఇన్నేళ్లుగా ఆరకుండా ఈ ముగ్గురి మధ్యా పారుతూనే ఉంది. దాన్ని తెంచేస్తే ఏమవుతుందోనని భయం వేసింది. ఆ భయం కాక కోసం కాదు, అబ్బా కోసం కూడా కాదు, తన కోసమేనని తెలిసి సిగ్గేసింది.

తలుపు తెరుచుకుంది. ఎడమ కంటి మీద తెల్లటి కట్టు, కుడి కన్ను పెద్దది చేసుకుని, సాబిర్ నర్సమ్మ చెయ్యి వదిలించుకుని తనే నడిచి వచ్చాడు. రాందాస్ వంగి చెప్పులు పాదాల ముందు పెట్టాడు. కూర్చున్నాక సాబిర్ మొదటి మాట కన్ను గురించి కాదు. "ఏమన్నడు వీడు? వెలుగే అని జెప్పమన్నడా?"

రాందాస్ గోడ వైపు తిరిగాడు.

"ఏం జెప్తవ్ బిడ్డా?" సాబిర్ గొంతు తగ్గింది. ఇంట్లో ఇద్దరే ఉంటే ఉర్దూలో మాట్లాడతాడు, రాందాస్ ఉంటే తెలుగే, ఎంత గుండెలోని మాటైనా. "నేను మంట అని ఒప్పుకుంటే నా పరువు ఏం పోదు, ఇన్నేండ్లు నవ్విండ్రు, ఇంకో దినం నవ్వనీ. నీ సదువంత నా అబద్ధం మీద నిలబడ్డట్టయితదని భయపడ్డ. అందుకే నిన్నడిగిన. నువ్వు వద్దంటే నేను ఊకుంట."

సుమేరా ఆయన చెయ్యి పట్టుకుంది. రాగి తీగ కోసిన గీతలు వేళ్ల మీద ఇంకా గరుకుగానే ఉన్నాయి. "పోడు మంటే అబ్బా," అంది. "నా సదువు ఆకాశం కాడ మొదలు గాలే, ఎర్తింగ్ గుంత కాడ మొదలైంది. అండ్ల వేసిన బొగ్గు ఏ మంటదో ఇయ్యాలనే ఎరకైంది. ఎల్లుండి నేను గూడ వస్త. ఆ వెలుగు చర్లకు రాదని నేనే జెప్త, అది జెప్పుడు నా పనే గదా. ఆడ ఎవలున్నరో నువ్వు జెప్పు."

సాబిర్ తల ఊపాడు. కుడి కంట్లోంచి నీళ్లు కారాయి, నర్సమ్మ పరుగున వచ్చి ఏడవొద్దు తాతా, కంటికి మంచిది కాదు అని దూదితో అద్దింది. రాందాస్ గోడ వైపు నుంచి ఇటు తిరగలేదు, ఆయన భుజాలు మాత్రం కదులుతున్నాయి. సాబిర్ నర్సమ్మ చేతిలోంచి దూది తీసుకుని తనే అద్దుకున్నాడు.

"అసలు ఆ వెలుగు ఎట్లుంటదో నేను ఒక్కపారి గూడ జూడలే. నీ ఫోన్ల ఉంటే చూపియ్యి. ఇన్నేండ్లు నువ్వు చూపియ్యలే, నేను అడగలే."

లద్దాఖ్ కెమెరా తీసిన బొమ్మ తీసి ఇచ్చింది. నల్లటి కొండ అంచు, దాని వెనక నుంచి పైకి పాకిన ఎరుపు. సాబిర్ కొత్త కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టి చూశాడు, మళ్లీ దగ్గరికి తెచ్చుకున్నాడు. "అరే రాందాస్, గిటు రా. జూడు." రాందాస్ మొహం తుడుచుకుని వచ్చి వంగాడు. ఇద్దరి తలలూ ఫోను మీద కలిశాయి.

"నా గుట్టే గదా ఇది," అన్నాడు రాందాస్ నమ్మలేనట్టు.

సాబిర్ తలెత్తి కూతురి వైపు గర్వంగా చూశాడు. "జూసినవా! అబద్ధమైతే ఆడిన గని, రంగు మాత్రం తప్పు జెప్పలే."